నన్ను పోల్చుకున్నావా?

ముందు ఒక వాక్యం చెబుతాను. వేళ్లు సిద్ధంగా పెట్టుకోండి. "ఈ వాక్యంలో పద్నాలుగు అక్షరాలున్నాయి." ఇప్పుడు నెమ్మదిగా లెక్కపెడదాం. ఈ, వా, క్యం, లో: నాలుగు. ప, ద్నా, లు, గు: ఎనిమిది. అ, క్ష, రా, లు, న్నా, యి: పద్నాలుగు. సరిపోయింది. వాక్యం తన ఒంటి కొలత తానే చెప్పింది, నిజమే చెప్పింది. మా నానమ్మలాగా "పదునాలుగు" అని సాగదీశారో, ఒక అక్షరం పెరిగి పదిహేనవుతుంది. సరే, పదిహేను అనే దిద్దుదామంటారా? ప, ది, హే, ను. ఈ మాటకూ నాలుగే అక్షరాలు. వాక్యం మళ్లీ పద్నాలుగుకే దిగుతుంది, మళ్లీ అబద్ధమవుతుంది. ఇలాంటి వాక్యం కుదరాలంటే కాస్త అదృష్టం కావాలి. నాకు ఒక సాయంత్రమంతా పట్టింది.

ఇవాళ మాట్లాడబోయేది ఇలాంటి పని చేసే కంప్యూటర్ ప్రోగ్రాముల గురించి. ఒక ప్రోగ్రాం ఉందనుకోండి. దానికి ఏ రాత అయినా ఇవ్వొచ్చు. పెళ్లి శుభలేఖ, కిరాణా చిట్టా, ఇంకో ప్రోగ్రాం, ఏదైనా సరే. చదివి "ఇది నేను కాదు" అంటుంది. తనను ఏ అక్షరాలతో రాశారో ఆ అక్షరాలనే పొల్లుపోకుండా ఇచ్చినప్పుడు మాత్రం "ఇది నేనే" అంటుంది. అలాంటిది రాయగలమా? రాసినా, అది చెప్పే మాట నమ్మగలమా? మొదటి ప్రశ్నకు జవాబు పుస్తకాల్లో దొరికింది. రెండోదానికి నేను సికింద్రాబాద్‌లోని లాలాగూడ వెళ్లాల్సి వచ్చింది. కొత్త చోటేం కాదు, పెరిగిన చోటే.

పని మొదలుపెట్టే ముందు తెలుగు చేసిన ఒక మేలు చెప్పాలి. ఊళ్లో ఎన్నో ఏళ్లకు కనిపించిన మనిషి "నన్ను పోల్చుకున్నావా?" అని అడుగుతాడు. గుర్తుపట్టావా అని. రెండు గుడ్డ ముక్కలు పక్కపక్కన పెట్టి రంగు సరిచూసినా పోల్చడమే. గుర్తుపట్టడమూ, సరిచూడడమూ మనకు ఒకే మాట. మన ప్రోగ్రాం చేయాల్సింది సరిగ్గా ఆ రెండూ కలిసిన పనే. పేరు పెట్టేవాళ్లు పాశ్చాత్య పురాణాల్లోకి వెళ్లి, నీళ్లలో తన రూపం చూసుకుని మోహించిన కుర్రవాడి పేరు మీద నార్సిసిస్ట్ ప్రోగ్రాం అన్నారు. నాకైతే మన బావిలోని సింహం గుర్తొస్తుంది. కుందేలు మాట విని బావిలోకి తొంగిచూసి, కనిపించినది తనేనని పోల్చుకోలేక, పగవాడనుకుని దూకింది. ఇన్‌పుట్‌గా తానే వచ్చినప్పుడు "ఇది నేను కాదు" అని జవాబిచ్చిన ప్రోగ్రాం అది.

లాలాగూడ అంటే రైల్వే. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే వాళ్లు 1893లో అక్కడ వర్క్‌షాప్ పెట్టారు. మొదట్లో ఆవిరి ఇంజన్లూ, బోగీలూ, వ్యాగన్లూ అన్నీ అక్కడే బాగుచేసేవారు, తర్వాత అది బోగీల వర్క్‌షాప్ అయింది. మా తాతయ్య అందులో టర్నర్. లేత్ మీద పిన్నులూ బుష్‌లూ తిప్పేవారు. ఆయన దగ్గర నేను మొదట నేర్చుకున్న ఇంగ్లీషు ముక్క "గో, నోగో". అది గేజి పేరు. ఒక కొస రంధ్రంలో దూరాలి, రెండో కొస దూరకూడదు. దూరాల్సింది దూరి, దూరకూడనిది ఆగితే జాబు పాస్. స్కేలు చదివే పని లేదు, బుర్రకు పని లేదు. అయితే ఆ గేజి కూడా ఇనుమే కదా, వాడగా వాడగా అరుగుతుంది. ఎప్పటికప్పుడు టూల్‌రూమ్‌కు పంపి, అక్కడ బీరువాలో దాచిన కొలతలతో సరిచూసి తెప్పించుకోవాలి. "దీన్ని దీంతోనే చూసుకోవచ్చు కదా తాతయ్యా" అని చిన్నప్పుడు అడిగాను. ఆయన నవ్వి, "అరిగిన గేజి అరిగిన రంధ్రంలో బ్రహ్మాండంగా దూరుతదిరా" అన్నారు. అప్పుడు నాకు అర్థం కాలేదు. ప్రోగ్రాముల దగ్గరకు వచ్చాకే అర్థమైంది.

తనను తాను సరిచూసుకునే వస్తువు ఒకటి అక్కడ పట్టాల మీదే తిరుగుతుంటుంది. గూడ్సు బండి నెమ్మదిగా పోతున్నప్పుడు వ్యాగన్ పక్కన తెల్ల రంగుతో రాసిన నంబరు చూడండి. పదకొండు అంకెలు. మొదటి రెండూ వ్యాగన్ రకం, తర్వాతి రెండూ ఏ రైల్వేదో, తర్వాతి రెండూ తయారైన సంవత్సరం, ఆ తర్వాతి నాలుగూ వరస సంఖ్య. ఇక పదకొండోది ఏ వివరమూ చెప్పదు. మిగతా పదీ సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పడానికే అది ఉంది. లెక్క తేలికే. రెండో, నాలుగో, ఆరో, ఎనిమిదో, పదో స్థానాల్లోని అంకెలు కూడి మూడుతో హెచ్చవేయండి. మొదటి, మూడో, ఐదో, ఏడో, తొమ్మిదో స్థానాల్లోనివి కూడి దానికి కలపండి. వచ్చిన మొత్తాన్ని నిండు పదులు చేయడానికి ఎంత తక్కువైందో అదే పదకొండో అంకె. రాసుకునే గుమస్తా ఒక్క అంకె తప్పు వేసినా ఇది పట్టేస్తుంది.

అన్ని తప్పులూ పడుతుందా? పట్టదు. పక్కపక్కన ఉన్న ఒకటీ ఆరూ తారుమారైతే, అంటే 16 బదులు 61 రాస్తే, మొత్తంలో తేడా సరిగ్గా పది వస్తుంది. పది తేడా వస్తే ఆఖరి అంకె మారదు. రెండూ ఏడూ అయినా, మూడూ ఎనిమిదీ అయినా అంతే. నంబరు తప్పుగా ఉండి కూడా "నేనే" అంటుంది. ఈ చిన్న లొసుగును గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు వర్క్‌షాప్ వదిలి తార్నాక దారి పట్టండి. అక్కడ, లాలాగూడలోనే, రైల్వే సిగ్నల్ ఇంజనీర్లకూ టెలికాం ఇంజనీర్లకూ శిక్షణ ఇచ్చే సంస్థ ఉంది. 1957 నవంబరులో మొదలైంది. పొట్టిగా ఇరిసెట్ అంటారు. దేశంలో ఏ మూల స్టేషన్లో సిగ్నల్ చూసే ఇంజనీరైనా ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడ బెంచీ మీద కూర్చున్నవాడే అయి ఉంటాడు. ఇక్కడ నేర్పే పాఠాల్లో ముఖ్యమైనది ఇంటర్‌లాకింగ్. ఒక లైను మీదికి బండిని రానిచ్చాక, దానికి అడ్డం పడే ఇంకో దారికి సిగ్నల్ ఇవ్వనే ఇవ్వలేకుండా బిగించి ఉంచడం. ఒకప్పుడు కేబిన్‌లో బారు లివర్లు, వాటి కింద ఒకదాన్నొకటి ఆపే ఇనుప పట్టీలు ఈ పని చేసేవి. తర్వాత రిలేలు వచ్చాయి, గది నిండా టకటకలాడుతూ. ఇప్పుడు చాలా స్టేషన్లలో అదే పని ఒక బీరువాలో కూర్చున్న ప్రోగ్రాం చేస్తుంది. ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ అంటారు.

ఇనుప పట్టీ అరిగితే కంటికి కనిపిస్తుంది. ప్రోగ్రాం చెడిపోతే ఏం కనిపిస్తుంది? మెమరీలో ఒక్క బిట్టు సున్నా నుంచి ఒకటికి మారినా బీరువా బయటికి నిన్నటిలాగానే ఉంటుంది. అందుకని ఆ ప్రోగ్రాం నడుస్తూనే మధ్యమధ్య తన మెమరీని మొదటి నుంచి చివరి దాకా తానే చదువుకుంటుంది. ఒక్కో బైటునూ లెక్కలోకి తీసుకుని ఒక సంఖ్య తేలుస్తుంది. దాన్నే చెక్‌సమ్ అంటారు. ఉండాల్సిన సంఖ్యతో సరిచూస్తుంది. సరిపోతే పని సాగుతుంది. సరిపోలేదా, తనను తాను ఆపేసుకుంటుంది, సిగ్నళ్లన్నీ ఎర్రవైపోతాయి. అనుమానం వస్తే ఎరుపే. బళ్లు ఆలస్యమవుతాయి, ప్రయాణికులు తిట్టుకుంటారు, కానీ గుద్దుకోవు.

చూశారా, తన పాఠాన్నే, అంటే తన సొంత రాతనే, ఇన్‌పుట్‌గా తీసుకుని "ఇది నేనే" అనే ప్రోగ్రాం ఎక్కడో ప్రయోగశాలలో కాదు, స్టేషన్ మాస్టరు గది పక్కనే ఉంది. ఇక్కడ ఒక చిక్కు కూడా ఉంది. ఉండాల్సిన ఆ సంఖ్యను ఎక్కడ దాస్తారు? ప్రోగ్రాం లోపలే రాస్తే, రాయగానే ప్రోగ్రాం మారిపోయింది. మారితే చెక్‌సమ్ మారుతుంది. కొత్తది రాస్తే మళ్లీ మారుతుంది. మన పదునాలుగు, పదిహేను గొడవే. ఇంజనీర్లు దీనికి మొహమాటం లేని దారులు కనిపెట్టారు. సంఖ్య ఉన్న గడిని వదిలేసి మిగతాదంతా కూడడం ఒకటి. లేదా మొత్తం కలిపితే ముందే అనుకున్న విలువ, సున్నాయో మరొకటో, వచ్చేటట్టు ఒక గడిలో సర్దుబాటు సంఖ్య వేయడం. వ్యాగన్ మీది పదకొండో అంకె చేసేది ఈ రెండో పనే.

అయితే గణిత శాస్త్రజ్ఞుడి ముందు ఇదంతా పెడితే పెదవి విరుస్తాడు. ఎందుకంటే ఇక్కడ ప్రోగ్రాం తన మెమరీ తెరిచి చూసుకుంటోంది. పరీక్ష హాల్లో పుస్తకం తెరిచినట్టు. అసలు పందెం ఏమిటంటే, ఎక్కడా తొంగిచూడకుండా, డిస్కులో ఉన్న తన ఫైలు తెరవకుండా, లోపల ఉన్న సరుకుతోనే తన పాఠమంతా చెప్పగలగాలి. అప్పుడు వచ్చిన ఇన్‌పుట్‌ను దానితో పోల్చాలి.

మొదట తోచే ఉపాయం: ప్రోగ్రాం లోపల ప్రోగ్రాం నకలు పెట్టేయడం. పెట్టామనుకోండి. ఆ నకలు ఇప్పుడు ప్రోగ్రాంలో భాగం కదా, మరి నకలులోనూ నకలు ఉండాలి. దాంట్లో ఇంకోటి. వర్క్‌షాప్ డ్రాయింగ్ ఆఫీసు గోడకు ఆ ఆఫీసు డ్రాయింగే తగిలించారనుకోండి. డ్రాయింగులో గోడ ఉంటుంది, గోడ మీద డ్రాయింగు ఉంటుంది. ఎంత సన్నని పెన్సిలు చెక్కినా పని తెమలదు.

చిక్కు విడిపోయే దారి కూడా ఆ ఆఫీసులోనే ఉంది. డ్రాయింగును రెండు రకాల మనుషులు రెండు రకాలుగా వాడతారు. ఫిట్టర్ దాన్ని చదువుతాడు, అందులో ఉన్నట్టు వస్తువు చేస్తాడు. ప్రింటు తీసే గదిలో అమ్మోనియా వాసన మధ్య కూర్చున్న మనిషి దాన్ని చదవడు. అది బోగీయో బొంగరమో ఆయనకు పట్టదు. షీటు పెట్టి ఇంకో షీటు దించుతాడు. ఒకే కాగితం. ఒకసారి అర్థం చేసుకోవడానికి, ఒకసారి అర్థంతో పని లేకుండా నకలు చేయడానికి. ఈ రెండు వాడకాలనూ విడదీస్తే గోడ మీద గోడ అనే చిక్కు మాయమవుతుంది. డ్రాయింగులో డ్రాయింగు ఉండనక్కరలేదు, ప్రింటు గది ఉంటే చాలు.

1940ల చివర్లో గణిత శాస్త్రజ్ఞుడు జాన్ వాన్ నోయ్‌మన్ తన లాంటిదాన్ని తానే తయారుచేసుకునే యంత్రం గురించి ఆలోచించినప్పుడు పట్టుకున్న కీలకం ఇదే. ఏ వర్ణన ఇచ్చినా చదివి కట్టే భాగం ఒకటి, వర్ణనను ఊరికే నకలు చేసే భాగం ఒకటి, ఎప్పుడు ఏది చేయాలో చెప్పే మేస్త్రీ ఒకటి. ఈ మూడింటి వర్ణన రాసిన టేపు. వాట్సన్, క్రిక్ 1953లో డీఎన్‌ఏ ఆకారం చెప్పాక, తర్వాతి ఏళ్లలో జీవకణంలోనూ ఇదే పద్ధతి బయటపడింది. ఒకే పోగును కణం ఒకసారి చదివి ప్రొటీన్లు కడుతుంది, ఇంకోసారి చదవకుండానే నకలు తీస్తుంది. అన్నిటికన్నా ముందు, 1938లోనే, స్టీఫెన్ క్లేనీ అనే గణిత శాస్త్రజ్ఞుడు లెక్కల భాషలో చెప్పేశారు: తన పాఠం తన చేతిలో ఉంటే ఏ పని చేయొచ్చో ఆ పని చేసే ప్రోగ్రాం ఎప్పుడూ ఉంటుంది. దొంగచూపులు అక్కరలేదు. మన "ఇది నేనే" ప్రోగ్రాం ఉండి తీరుతుందని ఆనాడే రుజువైపోయింది, అప్పటికి కంప్యూటర్ అనే పెట్టె రాకపోయినా.

రుజువు వేరు, చేసి చూడడం వేరు. తెలుగులో చేసి చూద్దాం. రేడియోలో కొటేషన్ గుర్తులు వినపడవు కాబట్టి బల్ల మీద తడతాను. గుర్తు తెరిస్తే ఒక తట్టు, మూస్తే రెండు. వినండి.

చప్పుళ్ల మధ్య మాటలను ముందు చప్పుడు లేకుండా, తర్వాత చప్పుళ్ల మధ్య చెప్పు. టక్. చప్పుళ్ల మధ్య మాటలను ముందు చప్పుడు లేకుండా, తర్వాత చప్పుళ్ల మధ్య చెప్పు. టక్, టక్.

ఈ ఆజ్ఞను మీరు అక్షరాలా పాటించండి. చప్పుళ్ల మధ్య ఉన్నది ముందు మామూలుగా చెబుతారు. తర్వాత తట్టి, అదే మళ్లీ చెప్పి, రెండుసార్లు తడతారు. మీ నోటి నుంచి వచ్చింది ఏమిటి? నేను చెప్పిందే, మొత్తంగా, తట్లతో సహా. మొదటి సగం ఫిట్టరు, రెండో సగం ప్రింటు గదిలోని కాగితం. ఇలా తనను తాను అచ్చు వేసుకునే ప్రోగ్రాంకు క్వైన్ అని పేరు. విల్లర్డ్ క్వైన్ అనే అమెరికన్ తత్వవేత్త పేరు మీదుగా, 1979లో వచ్చిన పుస్తకంలో డగ్లస్ హాఫ్‌స్టాటర్ పెట్టారు. ఇక పోల్చుకునే ప్రోగ్రాం కావాలంటే ఒక్క మార్పు చాలు. ఆజ్ఞలో చివర "చెప్పు" అన్నచోట "మనసులో కట్టుకుని, చేతికిచ్చిన కాగితంతో పోల్చు" అని పెట్టండి, రెండు సగాల్లోనూ. అంతే.

ఇదంతా వింటే పింగళి సూరన గుర్తుకు రాకపోతే నేను తెలుగువాణ్ణే కాదు. పదహారో శతాబ్దంలో ఆయన రాసిన కళాపూర్ణోదయంలో ఒక కథ ఉంది, బ్రహ్మ సరస్వతికి చెప్పింది. ఆ కథ చేతులు మారి, నోళ్లు మారి, చివరికి కళాపూర్ణుడనే రాజు సభలో ఒక పసిపాప నోట వస్తుంది. రాజు వింటాడు. వింటున్నది తన కథే. కథలో ఉన్నవాడు కథను ఇన్‌పుట్‌గా అందుకున్న సందర్భం అది. మన విమర్శకులు ఆ కావ్యపు చిక్కు మెచ్చుకుంటూ నవల అన్నారు, ఇంకేదో అన్నారు. నేను ప్రోగ్రామర్ని కాబట్టి నా పైత్యం నాది.

నేను మొదటిసారి ఇలాంటి ప్రోగ్రాం రాసినప్పుడు ఏం జరిగిందో చెప్పాలి. రాత్రి పదకొండుకు పూర్తయింది. దాని పాఠం దానికే ఇచ్చాను. "ఇది నేను కాదు" అంది. అక్షరం అక్షరం చూశాను, తేడా లేదు. ఒంటిగంటకు దొరికింది. నేను వాడిన ఎడిటరు ఫైలు చివర కంటికి కనిపించని ఒక కొత్త లైను గుర్తు చేర్చింది. నా ప్రోగ్రాం తన మనసులో కట్టుకున్న పాఠంలో అది లేదు. తప్పు నాదే, ప్రోగ్రాం మాత్రం నిజమే చెప్పింది.

తెలుగులో రాస్తే తిప్పలు ఇంకా ఎక్కువ. రైలు అనే మాట తీసుకోండి. "రై" మీద ఉన్న ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా దాచవచ్చు. ఎత్వం ఒకటి, ఐత్వపు తోక ఒకటి, రెండు ముక్కలుగా కూడా దాచవచ్చు. రెండూ సమానమేనని యూనికోడ్ నియమమే చెబుతుంది. తెర మీద తేడా ఇసుమంత కనిపించదు. కానీ బైట్లు పోల్చే ప్రోగ్రాంకు అవి రెండు వేరువేరు మాటలు. సాఫ్ట్‌వేర్ అని రాసినప్పుడు "ఫ్ట్" తర్వాత ఒత్తు పడకుండా ఆపే కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది, కన్ను దాన్ని చూడదు, ప్రోగ్రాం మాత్రం దాన్నీ లెక్కపెడుతుంది. రైలు ఒక్కటే కాదు, హైదరాబాదు మొదటి అక్షరంలోనూ ఆ ఐత్వమే కూర్చుని ఉంది. మనిషి కన్ను రూపం చూసి పోల్చుకుంటుంది, ప్రోగ్రాం గుర్తులు లెక్కబెట్టి పోలుస్తుంది.

అలాగైతే అక్షరాలు వదిలేసి పని చూసి గుర్తుపట్టమందాం. వేరే అక్షరాలతో రాసినా అచ్చం నాలాగే పనిచేసే ప్రోగ్రాం వస్తే "ఇదీ నేనే" అనాలి. న్యాయమైన కోరికే. ఇక్కడ గణితం చేతులెత్తేసింది. హెన్రీ రైస్ అనే గణిత శాస్త్రజ్ఞుడు 1953లో అచ్చయిన వ్యాసంలో తేల్చింది ఇదే: ఏ ప్రోగ్రాం ఇచ్చినా దాని ప్రవర్తన ఫలానాదా కాదా అని ప్రతిసారీ సరిగ్గా చెప్పగల సాధారణ పద్ధతి ఉండదు. అక్షరాలను పోల్చుకోవచ్చు, స్వభావాన్ని పోల్చుకోలేము. ఒక చిన్న స్టేషన్ యార్డు తర్కం లాంటి పరిమితమైన వాటిని విడివిడిగా కూర్చుని నిరూపించవచ్చు, సిగ్నల్ రంగంలో ఆ పని చేస్తారు కూడా. ప్రపంచంలోని ప్రోగ్రాములన్నిటికీ ఒకే గేజి మాత్రం లేదు.

పోల్చుకోవడం చేతనైతే దాంతో ఎంత అపకారం చేయొచ్చో చెప్పినవాడు కెన్ థాంప్సన్. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం కట్టినవాళ్లలో ఒకరు. కంప్యూటర్ రంగంలో ఇచ్చే ట్యూరింగ్ అవార్డును 1983కి ఆయనకూ డెనిస్ రిచీకీ కలిపి ఇచ్చారు. ఆ అవార్డు అందుకుంటూ థాంప్సన్ చేసిన ప్రసంగం 1984లో అచ్చయింది. మొదలుపెట్టడమే తనను తాను అచ్చు వేసుకునే ప్రోగ్రాంతో మొదలుపెట్టారు, సరదాకి చెబుతున్నట్టు.

తర్వాత కంపైలర్ దగ్గరికి వచ్చారు. మనం రాసిన పాఠాన్ని యంత్రం భాషలోకి దించే ప్రోగ్రాం కంపైలర్. కంపైలర్ కూడా ప్రోగ్రామే, దాని పాఠాన్నీ కంపైలరే దించాలి. థాంప్సన్ చెప్పిన కంపైలర్ రెండు పాఠాలను గుర్తుపడుతుంది. లోపలికి రానిచ్చే లాగిన్ ప్రోగ్రాం పాఠం వస్తే, అందులో దొంగ తలుపు ఒకటి చేరుస్తుంది. రెండోది కంపైలర్ పాఠమే, అంటే తానే. "ఇది నేనే" అని పోల్చుకోగానే, ఈ రెండింటినీ గుర్తుపట్టే తెలివిని కొత్త కంపైలర్‌లో దిగబెడుతుంది. ఇక అసలు పాఠంలోంచి ఆ దొంగ వాక్యాలు తుడిచేయొచ్చు. పాఠం కడిగిన ముత్యం. ఎంతమంది చదివినా ఏమీ దొరకదు. దొంగతనం మాత్రం కంపైలర్ నుంచి కంపైలర్‌కు, వంశపారంపర్యంగా. నాకు తెలిసిన కంప్యూటర్ కథలన్నిటిలోనూ ఒళ్లు జలదరించేది ఇదే. ఇందులో వైరస్ లేదు, పాస్‌వర్డ్ దొంగిలించడం లేదు. ఉన్నదల్లా, ఒక ప్రోగ్రాం తన పాఠాన్ని చూసి పోల్చుకోవడం.

దీనికి విరుగుడు డేవిడ్ వీలర్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు 2005లో ఒక వ్యాసంగా రాశారు. అనుమానం ఉన్న కంపైలర్ పాఠాన్ని, దానితో ఏ సంబంధమూ లేని ఇంకో కంపైలర్‌తో దించండి. అలా పుట్టినదానితో అదే పాఠాన్ని మళ్లీ దించండి. ఇప్పుడు వచ్చింది, అనుమానం ఉన్న కంపైలర్ తనను తాను దించుకోగా వచ్చినదానితో బిట్టు బిట్టు సరిపోవాలి. సరిపోకపోతే ఎక్కడో ఏదో దాగి ఉందని అనుమానించాలి. మా తాతయ్య గేజిని టూల్‌రూమ్‌కు పంపడమే ఇది, కాస్త తిప్పి చేశారు.

పోల్చుకుని కూడా నమ్మకపోతే ఏమవుతుందో 1988 నవంబరు 2న తెలిసింది. రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన పురుగు ప్రోగ్రాం యంత్రం నుంచి యంత్రానికి పాకుతూ, ఎక్కడికి వెళ్లినా "నేను ఇక్కడ ముందే ఉన్నానా?" అని అడిగేది. ఉన్నాననే జవాబు వస్తే తప్పుకోవాలి. కానీ యజమానులెవరైనా ఆ జవాబును దొంగగా ఇప్పించవచ్చని అనుమానించి, ఏడింటిలో ఒకసారి జవాబు ఏదైనా సరే తిష్ఠ వేయమని రాశాడు. ఏడింటిలో ఒకటే కదా అనుకున్నాడు. ఒకే యంత్రంలో తన నకళ్లు పదులకొద్దీ పేరుకుని, అప్పటి ఇంటర్నెట్‌లో వేల యంత్రాలు ఊపిరాడక ఆగిపోయాయి.

మళ్లీ మన సిగ్నల్ బీరువా దగ్గరికి. ప్రోగ్రాం తన చెక్‌సమ్ తానే చూసుకుంటుందన్నాను. ఆ చూసుకునే ముక్కే చెడిపోతే? మెమరీ ఎలా ఉన్నా "సరిపోయింది" అనడం దానికి అలవాటైపోతే? అరిగిన గేజి, అరిగిన రంధ్రం. సిగ్నల్ ఇంజనీర్లు ఈ ప్రశ్నను వేదాంతంగా వదిలేయలేదు. ఒక ప్రాసెసర్ మాట చెల్లదు. రెండు ప్రాసెసర్లు ఒకే లెక్క విడివిడిగా చేసి ఒకదానిది ఒకటి సరిచూసుకోవాలి, తేడా వస్తే రెండూ ఆగాలి. లేదా మూడు పెట్టి, కనీసం రెండు ఒక మాట మీద ఉంటేనే సాగాలి. అంతకన్నా నాకు నచ్చింది ఇంకోటి ఉంది. ఆమోదం పొందిన ప్రోగ్రాంకు వెర్షన్ నంబరూ, చెక్‌సమ్మూ కాగితం మీద ఉంటాయి. స్టేషన్లో అమర్చేటప్పుడు యంత్రం చూపిస్తున్న సంఖ్యను ఒక మనిషి తన కళ్లతో ఆ కాగితంతో పోల్చి రాసుకుంటాడు, బీరువాకు సీలు వేస్తాడు. బిట్ల లోకంలో ఇంత దూరం వచ్చాక చివరికి కాగితం, సిరా, లక్క.

కిందటి నెల లాలాగూడ వెళ్లినప్పుడు పట్టాల పక్కన ఒక గూడ్సు బండి ఆగి ఉంది. అలవాటు కొద్దీ ఒక వ్యాగన్ నంబరు చదివాను. ఏడో అంకె దగ్గర రంగు పెచ్చులూడింది, అది మూడో ఎనిమిదో తెలియలేదు. ఆఖరి అంకె ఉంది కదా అని రెండు రకాలుగానూ లెక్కవేశాను. మూడు వేస్తే కుదరలేదు, ఎనిమిది వేస్తే కుదిరింది. ఎనిమిదే అన్నమాట అని సంతోషపడి పక్క వ్యాగన్ దగ్గరికి నడిచాను. దాని మీద మొదటి పది అంకెలూ నిన్న రాసినట్టు తెల్లగా మెరుస్తున్నాయి. పదకొండోది ఉండాల్సిన చోట తుప్పు. లెక్కవేస్తే ఐదు వచ్చింది. తుప్పు మీద వేలు పెట్టి తడిమాను, కింద ఏ అంకె ఉందో తగులుతుందేమోనని. అంతలో బండి కదిలింది.